నాచు, నాలుగు లక్షలు, కొన్ని గెంతే జీన్లు

మొన్న సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఓ పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నా పక్కన కూర్చున్నవాడే. కాలేజీ అయ్యాక ఈ ఆరేళ్ళలో మూడుసార్లు ఫోన్ చేసుంటాడు, మూడుసార్లూ ఏదో ఒక ఐడియాతోనే. మొదటిది ఇంటికి ఇడ్లీ పిండి తెచ్చిచ్చే యాప్. రెండోది గుర్తు లేదు. ఈసారిది నాచు.

మామూలు నాచు కాదండోయ్, "ప్రోగ్రామబుల్ నాచు". సయనోబాక్టీరియా అని ఒక రకం సూక్ష్మజీవులు ఉన్నాయి, మన పల్లెల్లో నీలి ఆకుపచ్చ నాచు అంటారే, అవే. దానికి బయట్నుంచి రెండు మూడు జీన్లు తగిలించి ఎండలో తొట్టెలో పెడితే, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఇథనాల్ వదులుతుందట. పన్నెండు స్లైడ్లు పంపాడు. మూడో స్లైడులో పెద్దక్షరాలతో "జీనోమ్ ఈజ్ జస్ట్ కోడ్" అని ఉంది. పన్నెండో స్లైడులో నా వాటా నాలుగు లక్షలు అని ఉంది.

నాలుగు లక్షలంటే నాకు చిన్న మొత్తం కాదు. అయినా సగం మెత్తబడ్డాను, ఆ మూడో స్లైడు వల్ల. అదేంటో, ప్రపంచంలో ఏది చూసినా అది మనకి తెలిసిన పనిలాగే ఉందని ఎవరైనా చెబితే మనవాళ్ళకి ఎక్కడలేని ఆనందం. ఆర్థిక వ్యవస్థ ఒక సిస్టమ్, పెళ్ళి ఒక ప్రాజెక్టు, జీనోమ్ ఒక కోడ్. నేనూ అదే బాపతు. ఇప్పుడు ఆ స్లైడు తప్పని నమ్ముతున్నాను కాబట్టి, ఎందుకో రాద్దామని ఈ టపా.

డబ్బు పెట్టేముందు కాస్త చదవాలి కదా అని మొదలుపెట్టాను. సయనోబాక్టీరియాలో మొట్టమొదట పూర్తిగా చదివిన జీనోమ్ సినెకోసిస్టిస్ 6803 అనే దానిది. జపాన్‌లోని కజుసా డీఎన్ఏ పరిశోధనా సంస్థ వాళ్ళు 1996లో ప్రచురించారు. మొత్తం 35,73,470 అక్షరాలు. అంటే మూడున్నర ఎంబీ టెక్స్ట్ ఫైలు. (మన ప్రాజెక్టుల్లో ఒక్కరోజు లాగ్ ఫైలు ఇంతకంటే పెద్దది.) అందులో ప్రొటీన్లు తయారుచేసే జీన్లుగా 3,168 లెక్కతేల్చారు. ఈ జీవి బతుకంతా ఎండ మీద ఆధారపడింది కదా, కిరణజన్య సంయోగక్రియకి సంబంధించిన జీన్లు ఎన్నున్నాయా అని చూస్తే 128. సరే బావుంది. ఇంకో సంఖ్య చూసి ఆగిపోయాను. ట్రాన్స్‌పోసేజ్‌ని పోలిన జీన్లు 99.

ట్రాన్స్‌పోసేజ్ అంటే డీఎన్ఏలో ఒక ముక్కని కత్తిరించి ఇంకోచోట అతికించే ఎంజైము. విచిత్రం ఏంటంటే అది కత్తిరించేది ఎక్కువగా తనని తయారుచేసే జీన్ ఉన్న ముక్కనే. ఇలాంటి ముక్కల్లో అతి సాదా రకాన్ని ఇన్సర్షన్ సీక్వెన్స్ అంటారు, ముద్దుగా ఐఎస్. మధ్యలో ట్రాన్స్‌పోసేజ్ జీన్, రెండు చివర్లా ఒకదానికొకటి తిరగేసినట్టుండే అక్షరాల వరస, అంతే. ఇంకేమీ ఉండదు. కొన్ని కట్-పేస్ట్, కొన్ని కాపీ-పేస్ట్. సినెకోసిస్టిస్‌లో ఉన్న ఆ 99లో కనీసం 26 చెక్కుచెదరకుండా ఉన్నాయని కజుసా వాళ్ళు రాశారు. మిగతావి విరిగిపోయినవి.

మీలో చాలామందికి ఇప్పుడేమనిపించిందో నాకూ అదే అనిపించింది. డెడ్ కోడ్! ఎవడో కాపీ-పేస్ట్ చేసి వదిలేశాడు, రివ్యూ చేసినవాడు లేడు. తీసిపారేస్తే పోలా.

పండక్కి ఊరెళ్ళాను. మాది తణుకు దగ్గర. మా పెద్దమ్మ కూతురు కూడా వచ్చింది. అక్క మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేసి కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఇంటెనక గేదెల పాక పక్కన మా నాన్న అజొల్లా తొట్టి వేశారు. ప్లాస్టిక్ షీటు పరిచి, అడుగున మట్టి, పేడనీళ్ళు, పైన నీళ్ళ మీద పచ్చగా తివాచీ పరిచినట్టు అజొల్లా. రోజూ ఇంత తీసి దాణాలో కలిపి గేదెలకి పెడతారు. ఆ తొట్టి దగ్గర నిలబడి అక్కకి స్లైడ్లు చూపించాను. నవ్వుతుందేమో అనుకున్నా, నవ్వలేదు. శ్రద్ధగా చూసింది.

"అక్కా, ఆ 99 తీసేస్తే జీనోమ్ క్లీన్ అయిపోతుంది కదా?"

"తీసెయ్‌రా, ఎవరొద్దన్నారు. కొన్ని బాక్టీరియాల్లో తీసి చూశారు కూడా. కానీ నువ్వడిగే ప్రశ్నే తేడాగా ఉంది. ఇది ఎందుకుంది అని అడుగుతున్నావ్. ఎవరికోసం ఉంది అని అడగట్లేదు."

నాకు వెంటనే ఎక్కలేదు. అప్పుడు అనబీనా కథ చెప్పింది. ఊర్నుంచి వచ్చాక దాని గురించి దొరికినదంతా చదివాను. నిజానికి ఈ టపా అంతా దానికోసమే రాస్తున్నాను అనుకోండి, నాలుగు లక్షలు ఒక వంక.

అనబీనా కూడా సయనోబాక్టీరియమే, కానీ ఒంటరి కణం కాదు, పూసల దండలాగా వరసగా కణాలు. దీనికి రెండు పనులు వచ్చు. ఒకటి ఎండతో చక్కెర చేసుకోవడం. రెండోది గాల్లో ఉన్న నత్రజనిని పట్టుకుని ఎరువుగా మార్చుకోవడం. తిరకాసు ఏంటంటే ఈ రెండు పనులకీ పడదు. ఎండతో చేసే పనిలో ఆక్సిజన్ పుడుతుంది. నత్రజనిని పట్టే ఎంజైము, నైట్రోజినేజ్, ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతుంది. అందుకని నత్రజని కరువైనప్పుడు దండలో పది ఇరవై కణాలకొకటి చొప్పున ఒక రోజులో వేషం మార్చుకుంటాయి. గోడలు మందం చేసుకుని, ఆక్సిజన్ పుట్టే మెషీను ఆపేసి, నత్రజని పని మాత్రమే చేస్తాయి. వీటిని హెటరోసిస్ట్‌లు అంటారు. పక్క కణాలు వీటికి చక్కెర పంపిస్తాయి, ఇవి పక్కవాళ్ళకి నత్రజని పంపిస్తాయి. ఒకసారి హెటరోసిస్ట్ అయిన కణం మళ్ళీ వెనక్కి రాదు, రెండుగా చీలదు. దానికి పిల్లలుండరు.

మన వరి చేలకి ఈ జాతి చేసే సేవ తక్కువది కాదు. ఎరువు వేయకుండా ఏళ్ళ తరబడి వరి పండే పొలాలకి నత్రజని ఎక్కడ్నుంచి వస్తోందన్న ప్రశ్నకి, నీళ్ళలో ఉండే ఈ నాచుదే ప్రధాన పాత్ర అని ఢాకాలో పనిచేసిన పి.కె. డే 1939లోనే చూపించారు.

సరే, కథలోకి వద్దాం. నైట్రోజినేజ్ తయారీకి మూడు ముఖ్యమైన జీన్లు కావాలి: నిఫ్-హెచ్, నిఫ్-డి, నిఫ్-కె. వేరే బాక్టీరియాల్లో ఇవి మూడూ పక్కపక్కనే ఉంటాయి. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హేసెల్‌కార్న్ బృందం అనబీనాలో చూస్తే మొదటి రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మూడోది మాత్రం 11 వేల అక్షరాల దూరంలో ఉంది. ఎందుకలా? వాళ్ళు చూసిన డీఎన్ఏ మామూలు కణాలది. హెటరోసిస్ట్‌లని వేరుచేసి వాటి డీఎన్ఏ చూస్తే, ఆ మధ్యలో ఉన్న 11 వేల అక్షరాలూ లేవు! మూడు జీన్లూ చక్కగా కలిసిపోయి ఉన్నాయి. ముక్క గుండ్రంగా రింగులా మూసుకుని బయటికొచ్చేసింది. జేమ్స్ గోల్డెన్, సూజన్ రాబిన్సన్, హేసెల్‌కార్న్ 1985లో నేచర్ పత్రికలో ఇది ప్రచురించారు. ఆ ముక్క నిఫ్-డి జీన్ లోపలే, చివరికొస దగ్గర, జీన్‌ని రెండుగా చీలుస్తూ కూర్చుని ఉంటుంది. రెండు అంచుల్లోనూ ఒకే 11 అక్షరాల వరస. ఆ గుర్తుల దగ్గర కత్తిరించే కత్తెర కావాలి కదా, ఆ కత్తెరని తయారుచేసే జీన్ ఎక్కడుందనుకున్నారు? ఆ ముక్క లోపలే ఉంది. పేరు జిస్-ఎ.

ఇలాంటివి ఇంకో రెండు దొరికాయి. ఒకటి ఎఫ్‌డీఎక్స్-ఎన్ అనే జీన్‌లో, దాదాపు 59 వేల అక్షరాల ముక్క. ఇంకోటి హప్-ఎల్ అనే జీన్‌లో, పదిన్నర వేలది (1995). మూడూ హెటరోసిస్ట్ తయారయ్యేటప్పుడే బయటికొస్తాయి.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగి, ఇది ఎందుకిలా ఉంటుందో మీరే ఆలోచించండి. నేనైతే టక్కున చెప్పేశాను. "ఫీచర్ ఫ్లాగ్! ఆ ముక్క ఉన్నంతసేపు నత్రజని పని ఆఫ్, తీసేస్తే ఆన్. ఎంత అందమైన డిజైన్ అక్కా!" అక్క ఇంతసేపూ నవ్వనిది ఇక్కడ నవ్వింది.

ఎందుకంటే పరీక్షించి చూశారు. ఆ ముక్క శాశ్వతంగా లేని అనబీనా రకాల్ని పెంచారు. స్విచ్ అయితే, స్విచ్ పీకేసినప్పుడు నత్రజని పని ఎప్పుడు పడితే అప్పుడు, అన్ని కణాల్లోనూ మొదలవ్వాలి కదా? అలాంటిదేమీ జరగలేదు. హెటరోసిస్ట్‌లు ఎప్పటిలాగే వచ్చాయి, నత్రజని ఎప్పటిలాగే పట్టాయి, దండ హాయిగా పెరిగింది. ఎప్పుడు ఆన్ అవ్వాలో చెప్పే ఏర్పాటు వేరే ఉంది, దానికి ఈ ముక్కతో పని లేదు. పైగా ఈ ముక్కలు లేకుండానే నత్రజని పట్టే జాతులు ప్రకృతిలో ఉన్నాయి. ఇంకోవైపు నుంచి కూడా చూశారు. జిస్-ఎ ని చెడగొట్టి, ముక్క బయటికి రాకుండా చేశారు (1988లో సైన్స్ పత్రికలో వచ్చింది). అప్పుడు మాత్రం నత్రజని పని బందు.

అంటే లెక్క ఇలా తేలుతుంది. ముక్క అసలే లేకపోతే అనబీనాకి నష్టం లేదు. ముక్క ఉండి, సమయానికి తప్పుకోకపోతే అనబీనా చస్తుంది. మరి ముక్క వల్ల అనబీనాకి ఒరిగిందేంటి? ఏమీ లేదు. ఒరిగిందల్లా ముక్కకే. పిలవని పేరంటానికి వచ్చి నట్టింట్లో పీటేసుకుని కూర్చున్న చుట్టం, వడ్డన వేళకి మాత్రం బుద్ధిగా పక్కకి జరుగుతుంది. జరక్కపోతే ఇంటివాళ్ళతోపాటు తనకీ పస్తే కదా.

అది జరిగే చోటు కూడా చూడండి. పిల్లలు పుట్టని హెటరోసిస్ట్‌లో మాత్రమే జరుగుతుంది. వంశం నిలబెట్టే మామూలు కణాల్లో చెక్కుచెదరకుండా కూర్చుంటుంది. హెటరోసిస్ట్‌లోంచి బయటపడ్డ రింగు ఏమైపోయినా దానికి పోయేదేం లేదు, ఆ కణం ఎలాగూ వంశం చివర. ఎంత తెలివిగా ఉందో కదా? ఎవరి తెలివీ కాదనుకోండి. ఇలా తప్పుకోవడం చేతకాని ముక్కలన్నీ తాము కూర్చున్న దండలతో సహా పోయుంటాయి, చేతనైనవి మిగిలాయి.

అక్క అడిగిన "ఎవరికోసం" అన్న ప్రశ్న నాకు ఇక్కడ ఎక్కింది. మనం రాసే కోడ్‌లో ప్రతి లైనూ, చెత్త లైనుతో సహా, ఎవడో ఒకడు ప్రోడక్ట్ కోసమనే రాస్తాడు. తప్పు రాయొచ్చు, అనవసరంగా రాయొచ్చు, కానీ లైను తనకోసం తాను ఉండదు. తను డిలీట్ అవ్వకుండా ఉండటానికి తనే ఏర్పాట్లు చేసుకోదు. జీనోమ్‌లో చేసుకుంటుంది. అందుకే "జీనోమ్ ఈజ్ జస్ట్ కోడ్" అన్న వాక్యంలో నాకు ఆ "జస్ట్" దగ్గరే పేచీ.

ఈ మాట కొత్తది కూడా కాదు. 1980 ఏప్రిల్‌లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఫోర్డ్ డూలిటిల్, కార్మెన్ సపియెంజా రాసింది. రెండోది లెస్లీ ఆర్గెల్, ఫ్రాన్సిస్ క్రిక్ రాసింది (అవును, డబుల్ హీలిక్స్ క్రిక్కే). ఇద్దరూ చెప్పింది సుమారుగా ఒకటే. ఒక డీఎన్ఏ ముక్కకి తనని తాను పెంచుకునే, నిలబెట్టుకునే శక్తి ఉంటే, అది అక్కడ ఎందుకుందో చెప్పడానికి అదే చాలు, దానివల్ల జీవికి ఏదో లాభం ఉండే తీరాలని వెతకక్కర్లేదు. డూలిటిల్ కెనడాలో హాలిఫాక్స్‌లో పనిచేసేవాడు, మొదట్లో ఆయన ల్యాబ్ పని చేసిందీ ఈ నీలి ఆకుపచ్చ నాచు మీదే. ఆ విషయం తెలిసి నాకు ముచ్చటేసింది.

దీనికి వ్యతిరేకంగా రెండు గుంపులున్నాయి. ఒక గుంపు "అదంతా చెత్త" అంటుంది, ఇందాకటి నాలాగా. రెండో గుంపు వాట్సాప్‌లో ఎక్కువ కనబడుతుంది: "ప్రకృతిలో పనికిరానిదంటూ ఏదీ లేదు, శాస్త్రవేత్తలు చెత్త అన్నదంతా రహస్య సంకేతమే" అని. ఈ రెండు గుంపులూ కొట్టుకుంటాయి గానీ, నన్నడిగితే ఇద్దరూ ఒకే తానులో ముక్కలు. ఇద్దరికీ ఇంటి యజమాని ఒక్కడే, అతనికి లాభమా కాదా అన్నదొక్కటే లెక్క. ఇంట్లో వేరే కాపురాలు కూడా ఉన్నాయన్న ఊహే ఇద్దరికీ లేదు.

అలాగని ఇవన్నీ ఇంటికి చేటేనా అంటే అదీ కాదు. సముద్రంలో ప్రోక్లోరోకాకస్ అని ఒక బుల్లి సయనోబాక్టీరియం ఉంది. జీనోమ్ బాగా చిన్నది, పొదుపైనది. ఐఎస్‌లలాంటి వాటి జోలికి పెద్దగా పోనిదని పేరు. దాన్ని కనుక్కున్న శాలీ చిజమ్ బృందం 2023లో సెల్ పత్రికలో ఒక కొత్త రకం ఎలిమెంట్ల గురించి రాసింది. అవి అక్కడక్కడా దూరుతూ, పోషకాలు సంపాదించుకోవడానికి పనికొచ్చే జీన్లని కూడా వెంట మోస్తున్నాయి. చుట్టం వస్తూ వస్తూ బియ్యం బస్తా తెచ్చినట్టు. అయితే బస్తా తేవడం వల్ల తనకీ ఆ ఇంట్లో చోటు దొరుకుతుంది కదా.

దీనికి పూర్తి తలకిందుల కేసు ఒకటుంది. సముద్రంలో ఈ జాతిని తినే వైరస్‌లుంటాయి. 2003లో వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ మాన్ బృందం ఒక వైరస్ జీనోమ్‌లో కిరణజన్య సంయోగక్రియ జీన్లని కనిపెట్టింది. వైరస్‌కి ఎండతో ఏం పని? కణంలో దూరాక, తన కాపీలు తయారయ్యేదాకా కరెంటు పోకూడదు. ఎండ తగిలితే పాడైపోయే ఒక ప్రొటీన్‌ని మార్చుకుంటూ ఉండాలి, చచ్చిపోతున్న కణం ఆ పని సరిగా చెయ్యలేదు. అందుకని తన స్పేర్ పార్ట్ తనే తెచ్చుకుంటుంది. అది కూడా ఎప్పుడో ఇలాంటి కణం నుంచే కొట్టేసింది. ఒకే జీన్, ఒకే ప్రొటీన్, ఒకే పని. కణంలో ఉంటే కణం కోసం, వైరస్‌లో ఉంటే కణాన్ని చంపడం కోసం. ఎంత జాగ్రత్తగా ఆ సోర్సు చదివినా, ఆ లైను ఎవరి తరఫుదో ఆ లైనులో రాసి ఉండదు.

మా క్లాస్‌మేట్ దగ్గరికి వద్దాం. వాడు వాడబోయేది సినెకోసిస్టిస్ 6803 నే. "రిఫరెన్స్ జీనోమ్ ఉంది కదరా, అదే మా మాస్టర్ బ్రాంచి" అన్నాడు. ఈ 6803 ని 1968లో కాలిఫోర్నియాలో ఒక మంచినీటి చెరువులోంచి తీశారు. ప్యారిస్‌లోని పాశ్చర్ కల్చర్ కలెక్షన్‌లో ఆ నంబరుతో ఉంది. అక్కడ్నుంచి ప్రపంచంలో ల్యాబులన్నిటికీ ఒకరి దగ్గర్నుంచి ఒకరు తెచ్చుకున్నారు. అందరూ పెట్టుకునే పేరు ఒకటే. కానీ 1990ల చివర్లో జపాన్‌లోనే పోల్చి చూస్తే, కజుసా వాళ్ళు చదివిన రకంలో కొన్ని చోట్ల ఉన్న ఐఎస్‌వై203 అనే ఎలిమెంట్, దాని దాయాదుల్లో ఆ చోట్ల లేదు. ల్యాబులో ఫ్లాస్కుల మధ్య తిరుగుతుండగానే గెంతింది. తర్వాత రకరకాల ల్యాబుల్లోవి మళ్ళీ చదివితే ఇంకా తేడాలు బయటపడ్డాయి, ఐఎస్‌లవీ, ఒకటీ అరా అక్షరం మారినవీ. మాస్టర్ బ్రాంచి లేదు. కమిట్ హిస్టరీ లేదు. ఉన్నదల్లా "మా మెషీన్‌లో బానే పనిచేస్తోందే" అనే బ్యాచి ఒకటి.

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. ఇథనాల్ వదలమని మనం కణానికి జీన్ తగిలించాం. అంటే అది కష్టపడి సంపాదించిన కార్బన్‌లో కొంత రోజూ మనకి పన్ను కడుతోంది. దానివల్ల పెరుగుదల కొంచెం మందగిస్తుంది. ఎక్కడో ఒక కణంలో ఒక ఐఎస్ గెంతి, సరిగ్గా మనం పెట్టిన జీన్ మధ్యలో పడిందనుకోండి. ఆ కణం పన్ను ఎగ్గొట్టేసింది. అది మిగతావాటికంటే వేగంగా పెరుగుతుంది. ఒక లెక్క వేసి చూశాను, ఊహాజనితమైన లెక్కే. పన్ను కట్టే కణం రోజుకి ఒకసారి రెట్టింపవుతుంది, ఎగ్గొట్టినది రోజుకి 1.2 సార్లు. మొదట పది లక్షల కణాలకి ఒక్క ఎగవేతదారు. రోజుకి 2 పవర్ 0.2 చొప్పున నిష్పత్తి పెరిగితే, 2 పవర్ 20 కి ఎన్ని రోజులు? వంద. 2 పవర్ 20 అంటే ఎంతో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. వందో రోజుకి తొట్టెలో సగానికి సగం ఎగవేతదారులు. నూట ఇరవయ్యో రోజుకి పదహారుకి ఒకటి మాత్రమే నిజాయితీపరుడు. తొట్టె చూడ్డానికి ఇంకా పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది, ఇథనాలే ఉండదు.

నిజంలో దీనికంటే క్లిష్టం. ఒక్కో కణంలో క్రోమోజోము ఒకటి కాదు, చాలా కాపీలుంటాయి, ఒక కాపీలో పడ్డ దెబ్బ అన్నిటికీ పాకాలి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. జీన్ చెడటానికి ఐఎస్ ఒక్కటే దారి కూడా కాదు. 2003లో జపాన్ వాళ్ళు ఇథిలీన్ చేసే జీన్ పెట్టి చూసినప్పుడు, కొన్నాళ్ళకి ఉత్పత్తి పడిపోతే తీసి చూశారు. జీన్ లోపల చిన్న చిన్న అక్షరాల వరసలు చేరి చెడగొట్టాయి, ఐఎస్‌లు కాదు. దారి ఏదైనా కణం తరఫున లాభం ఒకటే. 2014లో ప్యాట్రిక్ జోన్స్ అనే శాస్త్రవేత్త దీని మీదే ఒక వ్యాసం రాశాడు, సయనోబాక్టీరియాతో పనిచేసే అందరికీ ఎదురయ్యేదే అయినా దీని గురించి పెద్దగా మాట్లాడుకోవట్లేదేమిటి అని. ఈ రంగంలో అమెరికాలో బాగా డబ్బు పోసిన జూల్ అన్లిమిటెడ్ అనే కంపెనీ 2007లో మొదలై 2017లో మూతపడింది. దాన్ని తీసుకెళ్ళి ఐఎస్‌ల మీదకి నెట్టను, కంపెనీ మూతపడటానికి వంద కారణాలుంటాయి. పదేళ్ళు, బోలెడంత డబ్బు ఉన్నవాళ్ళకే అంత తేలిక కాలేదని మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

మీరు అడగొచ్చు, ఇంత చెడ్డ చుట్టాలైతే అన్ని కణాలూ వీటిని వదిలించుకోవాలి కదా అని. వదిలించుకోవడానికి పోటీ గట్టిగా ఉండాలి. ప్రోక్లోరోకాకస్ మహాసముద్రంలో లెక్కలేనన్ని కణాలుగా బతుకుతుంది, కొంచెం బరువు ఎక్కువున్నా వెనకబడిపోతుంది. అక్కడ చుట్టాలకి చోటు తక్కువ. ఎరువులూ మురుగూ చేరిన చెరువుల మీద తెట్టు కట్టే మైక్రోసిస్టిస్‌ని చూడండి (ఎండాకాలంలో హైదరాబాద్ చెరువుల పక్కన ముక్కు మూసుకుని వెళ్ళినవాళ్ళకి ఆ ఆకుపచ్చ తెట్టు పరిచయమే). 2007లో కజుసా వాళ్ళే చదివిన ఒక మైక్రోసిస్టిస్ జీనోమ్ 58 లక్షల అక్షరాలైతే, అందులో 6 లక్షల 88 వేలు, అంటే 11.8 శాతం, ఇలాంటి ముక్కలే. వాటిలో మైట్‌లు అని ఇంకో రకం ఉన్నాయి. వాటికి సొంత ట్రాన్స్‌పోసేజ్ కూడా ఉండదు, ఐఎస్‌లు తయారుచేసుకున్నది వాడుకుని గెంతుతాయి. అద్దెకున్నవాడింట్లో అద్దె కట్టకుండా ఉన్నవాడన్నమాట.

మా ఇంటెనక తొట్టిలో ఉన్నది అన్నిటికంటే వింత. అజొల్లా నిజానికి ఫెర్న్ జాతి మొక్క. దానికి నత్రజని పట్టే పని దాని ఆకుల్లో గదులు కట్టుకుని ఉండే ఒక సయనోబాక్టీరియం చేస్తుంది, నాస్టాక్ అజొల్లే అంటారు, అనబీనా దగ్గరి బంధువే. అది బయట సొంతంగా బతకలేదు. మొక్క తన తర్వాతి తరానికి దీన్ని కూడా బీజంతోపాటు అప్పజెబుతుంది. 2010లో దీని జీనోమ్ చదివితే 31.2 శాతం జీన్లు విరిగిపోయినవే, దాదాపు 600 ఐఎస్‌లు అంతటా చల్లినట్టున్నాయి. నేను మొదట "ఐఎస్‌లు దాడిచేసి జీన్లని పాడుచేశాయి" అని చదువుకున్నాను. అక్క తిప్పి చెప్పింది. మొక్క అన్నీ సమకూరుస్తుంటే ఆ జీన్లతో ఎలాగూ అవసరం పోయింది, అవసరం లేని జీన్‌లో ఐఎస్ పడితే ఆ కణం చావదు, చావలేదు కాబట్టి మనకి కనబడుతోంది. అవసరమైన జీన్‌లో పడినవి కూడా ఉండుంటాయి, వాటిని మోసిన కణాలు మిగల్లేదు. అంత చిందరవందరలోనూ నత్రజని పట్టే జీన్లూ, హెటరోసిస్ట్ తయారుచేసే జీన్లూ మాత్రం భద్రంగా ఉన్నాయి. ఆ పని ఆగిన రోజు మొక్కకి దీనితో పని లేదు.

ఇదంతా విని మా నాన్న "అయితే మన అజొల్లా మంచిదేనా, కాదా?" అని అడిగారు. "బంగారం లాంటిది బాబాయ్" అంది అక్క.

హైదరాబాద్ వచ్చాక మా వాడికి ఫోన్ చేశాను. మూడు ప్రశ్నలు అడిగాను. మీరు వాడే 6803 ఎవరి ల్యాబు నుంచి తెచ్చుకున్నది, మీ చేతికొచ్చాక దాని జీనోమ్ మళ్ళీ చదివించారా? వందో రోజున తొట్టెలో ఇథనాల్ ఎంత ఉంది? ఎగవేతదారు పెరగకుండా ఏం ఏర్పాటు చేశారు, అంటే ఇథనాల్ చేయడం ఆపితే కణమే బతకలేనట్టు ముడిపెట్టారా?

"అదంతా మా సైంటిస్టు చూసుకుంటాడురా, నువ్వు డ్యాష్‌బోర్డు చూడు చాలు" అన్నాడు. ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్ళు నడిపారని అడిగితే పద్దెనిమిది రోజులని చెప్పాడు. పద్దెనిమిది రోజులకి నా లెక్కలో ఎగవేతదారులు పది లక్షలకి పన్నెండు మంది. డ్యాష్‌బోర్డులో ఏం కనబడుతుంది, అంతా పచ్చగానే ఉంటుంది.

డబ్బు పెట్టలేదు. వాడికి కోపం రాలేదు, అదొక్కటి వాడిలో మంచి గుణం. మూడు వారాల తర్వాత కొత్త స్లైడ్లు పంపాడు, ఎవరికో చూపించే ముందు ఓసారి చూసిపెట్టమని. మూడో స్లైడు మార్చాడు. "జీనోమ్ ఈజ్ లెగసీ కోడ్" అట.

నాన్న రెండో తొట్టి వేస్తానంటే షీటుకి డబ్బు పంపాను.